పెలాగియా బానలో ఎవరో ఉన్నారు

కఖేతి, అలజని లోయ
జనవరి

బానలు చేసే ఎర్మిలేకి,

నువ్వూ నీ ఇంటివాళ్ళూ క్షేమమే అనుకుంటాను. క్షేమం కాకపోతే ఆ సంగతి తర్వాత రాద్దువు గానీ, ముందు నా గొడవ విను.

నేను పెలాగియాని. గుర్తు రాకపోతే చెబుతాను. పోయిన వసంతంలో మీ ఇమెరెతి కొండల దాకా లారీ కట్టించుకుని వచ్చి, నీ పెరట్లోని బానలన్నిటినీ వేలితో కొట్టి చూసి, "ఇది ఓటి మోత, అది దగ్గు మోత" అని నీకు తిక్క రేపి, చివరికి అన్నిటికన్నా పెద్ద బానని, మా మాటలో క్వెవ్రిని, ఎంచుకున్న నల్లబట్టల ముసలిదాన్ని. మా పాత బాన మా ఆయన షాక్రో పోయిన ఏడే పగిలింది. ఆయన లేకుండా నా చేతుల మీదుగా పెట్టిన మొదటి వైన్ నీ బానలోదే.

దాన్ని వైన్ కొట్టంలో మెడ దాకా పాతించాను. లోపల తేనెమైనం పూయించాను. కోతలప్పుడు ద్రాక్ష తొక్కించి, తొక్కలూ గింజలూ తొడిమలతో సహా అందులో పోశాను. ఉడికింది, పొంగింది, రోజూ కర్రతో కలియబెడితే బుద్ధిగా చల్లారింది. క్రిస్మస్‌కి ముందు రాతిమూత పెట్టి, అంచుల చుట్టూ తడిమట్టి మెత్తి, పైన మన్ను కప్పేశాను. ఇందులో తప్పేమైనా ఉందా? లేదు కదా.

మరి నీ బాన ఎందుకు మూలుగుతోంది?

ఉల్లిపాయల కోసం కొట్టంలోకి వెళ్ళాను. పొద్దు వాలుతోంది, కరెంటు ఎలాగూ లేదు. నిలబడ్డచోట అరికాళ్ళకి సన్నగా ఏదో తగిలింది, పిల్లి గురగుర లాగ. చూస్తే పిల్లి లేదు. వంగి నేలకి చెవి పెట్టాను. మన్ను కింద, మూత కింద, నా వైన్ కింద ఎవరో గొంతు సవరించుకుంటున్నారు. తోడేలుకి ఎదురెళ్ళే మా కుక్క ఆ గడప తొక్కడం మానేసింది.

మట్టిలో ఏం కలిపావో నిజం చెప్పు. జవాబు బస్సు డ్రైవరు చేతికివ్వు. పోస్టుని నమ్ముకుంటే అది వచ్చేసరికి నేనుండను.

కోపంగా, అయినా మర్యాదగానే,
పెలాగియా

తా.క.: ఉల్లిపాయలు తెచ్చుకోకుండానే బయటికి పరిగెత్తాను. ఆ పూట చిక్కుడు గింజల కూర చప్పగా తిన్నాను. అది కూడా నీ వల్లే.


ఇమెరెతి
ఫిబ్రవరి మొదట్లో

కఖేతి తోటలకే వన్నె తెచ్చే పెలాగియా గారికి ఎర్మిలే వంగి నమస్కరించి రాస్తున్నది,

మీ ఉత్తరం అందింది. అందులోని తిట్లు కూడా చెక్కుచెదరకుండా అందాయి. మీ తోటకు మంచి వాన, మీ మోకాళ్ళకు బలం, మీ కుక్కకు ధైర్యం కలగాలని కోరుకుంటున్నాను.

అమ్మా, నేను మట్టిలో నీళ్ళు తప్ప ఏమీ కలపను. మా తాత కూడా కలపలేదు. మట్టిని చుట్ట మీద చుట్టగా పేర్చి, అరచేత్తో నునుపు చేసి, ఆరబెట్టి, ఆవంలో రోజుల తరబడి కాల్చి తీసిన బాన అది. మూలిగే అలవాటు మా బానలకి లేదు.

ఇక మీ వైన్ సంగతంటారా, అది వేరు. మా వైపు పిప్పిని కూరలో ఉప్పు వేసినట్టు కాస్త వేస్తాం. మీ కఖేతివాళ్ళు తొక్క, గింజ, తొడిమ, ఆకు, దొరికితే కోసినవాడి టోపీ కూడా వేసేస్తారు. అంత మింగిన బాన తేన్చదా అమ్మా? చలికాలంలో కూడా అడుగున కాస్త పులుపు కదులుతూనే ఉంటుంది. ఆ ఆవిరి మూత సందుల్లోంచి వస్తుంటే మనిషి గొంతులా వినిపిస్తుంది. అంచుల చుట్టూ ఇంకొంచెం మట్టి మెత్తండి. కొట్టంలోకి వెళ్ళేటప్పుడు పాట పాడుకుంటూ వెళ్ళండి. ఈస్టరు నాటికి తేనె రంగు వైన్ తీసి, ఈ ఎర్మిలేని తలుచుకుని ఒక గ్లాసు తాగుతారు.

మీ మేలు కోరే,
ఎర్మిలే

తా.క.: "దగ్గు మోత" అని మీరు వదిలేసిన బానని కుతైసి డాక్టరొకాయన కొనుక్కున్నాడు. అది ఇంతవరకు దగ్గలేదట.


కఖేతి
ఫిబ్రవరి

తియ్యటి నాలుక గల ఎర్మిలేకి,

మట్టి మెత్తాను. తట్టల కొద్దీ మెత్తాను. నీ బాన మూలగడం మానేసింది. ఇప్పుడు మాట్లాడుతోంది.

తప్పు చదివానేమో అనుకోకు, మాట్లాడుతోంది అనే రాశాను. పొద్దు వాలే వేళకి నేల కింద నుంచి ఒక గొంతు, "ఇంకా ఎన్నాళ్ళు?" అంటుంది. కాసేపాగి మళ్ళీ, "ఇంకా ఎన్నాళ్ళు?" కోపంగా కాదు, ఏడుస్తూ కాదు. రాని బస్సు కోసం రోజంతా నిలబడ్డ మనిషి అడిగినట్టు. తేన్పుకి ఇన్ని మాటలు వస్తాయా ఎర్మిలే?

మొదట నా చెవుల మీదే అనుమానపడ్డాను. పక్కింటి తెదోని పిలిచాను. మా ఊళ్ళో ఏ విందు జరిగినా గ్లాసెత్తి మాట్లాడే పెద్ద అతనే. చేతిలో చాచా సారా గ్లాసుతోనే వచ్చాడు.

"పెలాగియా, ఒంటరిదానివని నేల కూడా కబుర్లు చెబుతోందా నీకు?" అని వెక్కిరించాడు. మూత దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, "లోపలున్న మహానుభావులెవరో గానీ, మీకు జయం!" అని గ్లాసెత్తాడు.

"ఇంకా ఎన్నాళ్ళు?" అంది నేల.

తెదో గ్లాసు కింద పెట్టేశాడు. తాగకుండా. చిన్నప్పటి నుంచి అతన్ని ఎరుగుదును. అతను నిండు గ్లాసు కింద పెట్టగా చూడటం అదే మొదలు.

మర్నాడు చర్చి నుంచి ఫాదరు ఇయోకిం గారు వచ్చారు. సాంబ్రాణి వేశారు, నీళ్ళు చల్లారు, ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన ఎప్పుడూ పొడుగే. సగంలో ఉండగా కింద నుంచి, "ఇంకా ఎన్నాళ్ళు?" అని వినిపించింది. ఫాదరు గారి ముఖం ఎర్రబడింది. "ప్రతి ఆదివారం జనం ముఖాల్లో ఇదే చూస్తున్నాను, ఇప్పుడు నేల కూడానా?" అని, గబగబా ముగించేసి, "దాన్ని తవ్వి తీసి పగలగొట్టు పెలాగియా, అది మంచి మట్టి కాదు" అని వెళ్ళిపోయారు.

పగలగొట్టమనడం తేలికే. ఏడాది పంటంతా అందులోనే ఉంది. తీగలు కత్తిరించే రోజులొచ్చాయి, సాయానికి ఎవరూ రావడం లేదు. "నీ వైన్ తాగితే మా కడుపులో కూడా మాట్లాడుతుంది" అంటున్నారు. ఏదో ఒకటి చెప్పు. తియ్యటి మాటలు వద్దు, పనికొచ్చే మాట చెప్పు.

పెలాగియా

తా.క.: అది మగగొంతు మాత్రం కాదు. ఏ మగాడూ ఒకే ప్రశ్నని అంత ఓపిగ్గా అడగడు.


ఇమెరెతి
ఫిబ్రవరి చివర

పెలాగియా గారికి,

మర్యాద మాటలు ఇంకోసారి రాస్తాను. ఇప్పుడు వీపు నొప్పిగా ఉంది.

మా ఆవిడ గుగులికి కొన్నాళ్ళుగా ఒక అనుమానం. మా బానల కొట్టంలో పరాయి ఆడగొంతు వినిపిస్తోందట. "ఎవత్తివే నువ్వు? బయటికి రా! నా వైన్‌లోంచి లే!" అని కఖేతి యాసలో అరుస్తోందట. తలుపు తీసి చూస్తే ఎవరూ ఉండరట. "ఎవర్ని దాచావురా ముసలోడా?" అని నన్ను నిలదీస్తోంది. నేను కూడా ఒకసారి వెళ్ళి చూశాను. బానలు, కట్టెలు, ఒక కోడి. అంతే.

సరిగ్గా అలాంటి సమయంలో మీ ఉత్తరం వచ్చింది. నాకన్నా ముందు ఆవిడ చేతికి చిక్కింది. పైన "తియ్యటి నాలుక గల ఎర్మిలేకి" అని ఉంది. ఆవిడ ఆ కింద ఒక్క ముక్క చదవలేదు. చీపురు విరిగింది.

మీరు నా మీద ఏ కక్షతో ఇదంతా రాస్తున్నారో నాకు తెలీదు. నా బానలు మాట్లాడతాయని ఊరూరా పాకితే నా దగ్గరికి ఇంకెవరైనా వస్తారా? బాన మాట్లాడదమ్మా. మా ఇంట్లో మాట్లాడేది గుగులి ఒక్కతే, నాకు అదే చాలు. ఇకనైనా ఈ వేళాకోళం ఆపండి. ఆపలేకపోతే, దయచేసి వచ్చే ఉత్తరం మీ వయసుతో మొదలుపెట్టండి.

ఎర్మిలే

తా.క.: గుగులి అడగమంది. మా పెరట్లోకి వచ్చినప్పుడు బానల్ని వేలితో కొట్టారు సరే, నన్ను చూసి నవ్వారా? నేను లేదన్నాను. మీరు కూడా లేదనండి.


కఖేతి
మార్చి

అరవై తొమ్మిదేళ్ళదీ, పైవరస పళ్ళు లేనిదీ అయిన పెలాగియా రాస్తున్నది.

గుగులీ, ఈ ఉత్తరం ముందు నువ్వే విప్పుతావని తెలుసు. మంచిదే. తల్లీ, నేను మీ ఆయన్ని చూసి నవ్వలేదు. మీ పెరట్లో నాకు నవ్వొచ్చింది ఒక్క కోడిని చూసే. ఇప్పుడు కూర్చో. మీ ఆయన్ని కూడా పిలిచి కూర్చోబెట్టు.

మీ కొట్టంలో వినిపించిన మాటలు ఎర్మిలే రాశాడు కదా. ఆ మాటలు నావి. ఒక్క మాట తేడా లేదు. ఫాదరు గారు వెళ్ళిపోయాక ఒళ్ళు మండి, మూత మీద చేతులానించి అరిచాను. "ఎవత్తివే నువ్వు? బయటికి రా! నా వైన్‌లోంచి లే!" అని. ఆ కొట్టంలో అప్పుడు నేనూ, ఉల్లిపాయలూ తప్ప ఎవరూ లేరు. మధ్యలో కొండలున్నాయి. మీకెలా వినిపించింది?

ఇది చదివిన సాయంత్రమే మళ్ళీ కొట్టంలోకి వెళ్ళాను. భయం లేదని రాస్తే అబద్ధం. ఒక చేత్తో శిలువ పట్టుకున్నాను, ఇంకో చేత్తో పార. గొంతు వచ్చింది. ఈసారి నేను అరవలేదు.

"ఎవరికోసమే ఎన్నాళ్ళు, ఎన్నాళ్ళు అంటున్నావు?" అన్నాను మెల్లిగా.

మూత చుట్టూ ఉన్న మట్టి చిన్నగా అదిరింది, లోపల నుంచి ఎవరో ఊపిరి పీల్చినట్టు. తర్వాత, "చూరీ, నువ్వు నిజంగానే మాట్లాడతావా?" అంది.

చూరి! మా కఖేతిలో ఏడాది పాప కూడా ఈ బానని క్వెవ్రి అంటుంది. చూరి అనేది మీ ఇమెరెతివాళ్ళే. నా వైన్‌లో ఉన్నది ఎవరైనా సరే, మీ వైపు పిల్ల.

"నేను చూరిని కాదే, పెలాగియాని" అన్నాను.

"చూరికి పేరు కూడా ఉంటుందా!" అని ఆశ్చర్యపోయింది.

పదహారు, పదిహేడేళ్ళ పిల్ల గొంతు. ఎన్నాళ్ళుగానో తీయని తలుపు తీసినట్టు కిర్రుమంటోంది. ఎర్మిలే, నా మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇది వేళాకోళం కాదు. మీ ఇంట్లో ఎవరున్నారు?

పెలాగియా

తా.క.: నా బతుకులో నన్ను చాలా పేర్లతో పిలిచారు. మా అత్తగారు గాడిద అనేది. తెదో భార్య వడగళ్ళ వాన అంటుంది. బాన అన్నవాళ్ళు మాత్రం ఇంతవరకు లేరు.


ఇమెరెతి
మార్చి

పెలాగియా అక్కా,

మీ ఉత్తరం గుగులి చదివింది. చదివి వాకిట్లోనే కూలబడింది.

మాకు ఇద్దరు పిల్లలు. గెలా పెద్దవాడు, లమారా చిన్నది. గెలా సుఖుమి ఊరి కోసం జరిగిన యుద్ధానికి వెళ్ళాడు. ఆ ఊరు చేజారాక కొందరు మంచులో కొండలు దాటి నడిచి వచ్చారు. కొందరి శవాలు వచ్చాయి. వాడు రాలేదు, వాడి శవం రాలేదు, వాడి సంగతి తెలిసినవాడు ఒక్కడూ రాలేదు. లమారా రోజూ రోడ్డు మీదికి వెళ్ళి నిలబడేది. చీకటి పడ్డాక ఇంటికొచ్చి "ఇంకా ఎన్నాళ్ళు?" అనేది. ఏం చెబుతాం? ఒకరోజు అడగడం మానేసింది. దాంతోపాటు అన్ని మాటలూ మానేసింది. డాక్టర్లకి చూపించాం, నాలుక బాగానే ఉందన్నారు. ఏడాది పైనయింది అక్కా, మా పిల్ల గొంతు మేము విని. మీ ఉత్తరంలో అదే మాట చూసి, ఎవరో చెప్పగా విని వేళాకోళం చేస్తున్నారనుకున్నాను.

మీరు కొన్న బాన గెలా నాతో కలిసి చేసినది. వాడు యుద్ధానికి వెళ్ళే ముందు ఒకే గుట్ట మట్టితో రెండు చేశాం, ఒకే ఆవంలో కాల్చాం. ఇల్లు గడవక ఒకటి మీకిచ్చాను. రెండోది ఇవ్వడానికి చేతులు రాలేదు. కొట్టంలో పక్కకి వాలి, మూతి తెరుచుకుని, ఖాళీగా పడుంది.

నిన్న సాయంత్రం నేనూ గుగులీ కట్టెల చాటున దాక్కున్నాం. లమారా వచ్చింది. ఆ బాన దగ్గర కూర్చుని, తల లోపలికి పెట్టింది.

"పెలాగియా చూరీ, ఉన్నావా?" అంది.

అక్కా, ఖాళీ బానలోంచి మీ గొంతు వచ్చింది. "ఎక్కడికి పోతానే? ముందు నువ్వు తిన్నావా, లేదా?" అన్నారు మీరు.

"తిన్నాను. మొక్కజొన్న రొట్టె."

"రొట్టె ఒక్కటేనా? జున్ను పెట్టుకోలేదా? అందుకే నీ గొంతు అలా ఉంది."

గుగులి తలగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను కట్టెల మీద పడ్డాను. లమారా వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది. పారిపోతుందనుకున్నాం. పారిపోలేదు. "అమ్మా, జున్ను ఉందా?" అంది.

ఇది ఏమిటో నాకు తెలీదు. ఎంత ఆలోచించినా బుర్రకి అందడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. ఆ మూత తీయకండి. ఫాదరు గారి మాట విని పగలగొట్టకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.

మీ తమ్ముడు,
ఎర్మిలే

తా.క.: ఇవాళ పొద్దున్న నేను కూడా బానలో తల పెట్టి "పెలాగియా గారూ!" అని పిలిచాను. జవాబు రాలేదు. మీకేమైనా వినిపించిందా?


కఖేతి
ఏప్రిల్ మొదట్లో

తమ్ముడు ఎర్మిలేకి,

వినిపించింది. ఎద్దు బావిలో పడిందనుకుని ఊరంతా తాళ్ళు పట్టుకుని వెతికాం. తెదో తన ఎద్దుల్ని లెక్కపెట్టుకున్నాడు, సరిపోయాయి. ఇంకెప్పుడూ అందులో తల పెట్టకు. అది నీ కోసం కాదు, పిల్ల కోసం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. మూత తీయొద్దంటున్నావు. నా సంగతి కూడా విను. నా చేత్తో పెట్టిన వైన్‌ని ఈస్టరు పండక్కి తీసి, మొదటి గ్లాసు షాక్రో సమాధి మీద పోస్తానని మాటిచ్చాను. ఆయన బతికున్నన్నాళ్ళూ నన్ను బాన దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "నువ్వు ముడితే వైన్‌కి కూడా నోరొస్తుంది" అనేవాడు. చూడవయ్యా ఆడది కూడా వైన్ పెట్టగలదని, ఆయనకి చూపించాలని ఉండేది. పండగ దగ్గరికొచ్చింది. ఫాదరు గారు దారిలో కనిపించినప్పుడల్లా "పగలగొట్టావా?" అంటున్నారు. తెదో గునపం సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. ఏం చేయాలో నాకు పాలుపోవడం లేదు. పండగ దాకా ఎవర్నీ ముట్టుకోనివ్వను, అది మాత్రం ఖాయం.

లమారా తల్లీ, నువ్వు కూడా ఒక ఉత్తరం రాయి. సాయంత్రాలు నువ్వు మాట్లాడేది సగమే వినిపిస్తోంది, మిగతా సగం ద్రాక్షతొక్కల్లో ఇరుక్కుంటోంది. పగలు నేను తోటలో ఉంటాను. సాయానికి ఎవరూ రావడం లేదు కదా, అన్ని వరసలూ నేనే కత్తిరించుకుంటున్నాను. ఆదివారాలు చర్చికి పోతాను. ఆ వేళల్లో పిలిచి జవాబు రాలేదని బెంగపడకు.

పెలాగియా

తా.క.: గుగులీ, కొత్త చీపురు పంపుతున్నాను. మా కఖేతి చీపుర్లు అంత తొందరగా విరగవు.


ఇమెరెతి
ఏప్రిల్

పెలాగియా చూరికి,

"అత్త" అని రాయమని నాన్న అంటున్నాడు. నాకు ఇలాగే అలవాటైంది, ఏమీ అనుకోకండి.

నేను ఇప్పుడు ఇంట్లో కూడా మాట్లాడుతున్నాను. నిన్న "అమ్మా, సూపులో ఉప్పెక్కువైంది" అన్నాను. అమ్మ సంతోషంతో ఏడ్చి ఇంకాస్త ఉప్పు వేసింది.

మీ ఇంట్లో ఉండే ఆయనకి నా నమస్కారాలు చెప్పండి. మీరు తోటలోకో చర్చికో వెళ్ళినప్పుడు ఆయనే నాతో మాట్లాడుతుంటారు. మొదటిసారి "పెలాగియా చూరీ!" అని పిలిస్తే చాలాసేపటికి ఆయన పలికారు. "పెలో లేదమ్మా, తీగలు కత్తిరించడానికి వెళ్ళింది. నువ్వు ఏడవకు, నేనున్నాను" అన్నారు. చాలా నెమ్మదిగా మాట్లాడతారు, పడుకుని కళ్ళు మూసుకుని మాట్లాడే మనిషిలాగ. ఆయన మాట్లాడినంతసేపూ బానలోంచి చల్లటిగాలి వస్తుంది, తవ్విన మట్టి వాసనతో. మీ కొట్టం చాలా లోతుగా ఉంటుందా?

మంచివారే గానీ మీ మీద ఫిర్యాదులు ఎక్కువ. "తీగల్ని మరీ పొట్టిగా కోసేస్తోంది. మోకాళ్ళు నొప్పులు పెట్టుకుని ఒక్కతే కోయడం ఎందుకు? ఆ తాగుబోతు తెదోని జుట్టు పట్టుకుని లాక్కెళ్ళొచ్చు కదా" అంటారు. "వైన్ మాత్రం బాగా పెట్టింది, నేనన్నానని చెప్పకు, నెత్తికెక్కుతుంది" అన్నారు. చెప్పొద్దన్నారు గానీ చెప్పేశాను.

మా అన్నయ్య గురించి ఆయన్ని అడిగాను. దెబ్బలు తగిలి, దారితప్పి మీ వైపు వచ్చాడేమోనని. "ఎలా ఉంటాడు?" అన్నారు. పొడుగ్గా ఉంటాడని, ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటుందని, మట్టి పిసికేటప్పుడు ఈల వేస్తాడని చెప్పాను. "కనుక్కుంటాను. ఇక్కడ చాలామంది ఉన్నారు, కొంచెం టైం పడుతుంది" అన్నారు. తర్వాత కొన్నాళ్ళు పలకలేదు.

పోయిన ఆదివారం మళ్ళీ వచ్చారు. బాగా అలిసిపోయినట్టు ఉన్నారు. "అందర్నీ అడిగాను తల్లీ. ఒక్కొక్కడి ముఖం చూశాను. ఆ యుద్ధం నుంచి వచ్చిన కుర్రాళ్ళు చాలామందే ఉన్నారిక్కడ. మీ గెలా లేడు. వాడి పేరు కూడా ఎవరూ వినలేదు" అన్నారు.

మీ ఊళ్ళో అంతమంది సైనికులు ఉన్నారా? పాపం, వాళ్ళకి రొట్టె ఎవరు చేస్తున్నారు? మీరొక్కరే చేయలేరు కదా. వాళ్ళ ఇళ్ళకి కబురు పంపించారా?

గెలా అక్కడ కూడా లేడని విన్నప్పటి నుంచి నాకు మళ్ళీ గొంతు పట్టేస్తోంది. ఇంకెక్కడ వెతకాలో మీరే చెప్పండి.

మీ
లమారా

తా.క.: ఆయన పేరు అడిగాను. "పెలోకి తెలుసు" అని నవ్వారు. ఆయన నవ్వినప్పుడు మా బాన అంచు మీద మంచు పేరుకుంది. మా ఊళ్ళో బాదంచెట్లు పూసి చాలా రోజులైంది.


కఖేతి
ఈస్టరు వెళ్ళాక

లమారా తల్లీ,

కూర్చుని చదువు. అమ్మనీ నాన్ననీ పక్కన కూర్చోబెట్టుకో. ఒక్క మాట కూడా వదలకుండా వాళ్ళకి పైకి చదివి వినిపించు, నీ గొంతుతోనే.

మా ఇంట్లో మగవాళ్ళెవరూ లేరు. నన్ను పెలో అని పిలిచిన మనిషి ఈ లోకంలో ఒక్కడే. మా ఆయన షాక్రో. ఆయన మా చర్చి వెనక, మల్బరీ చెట్టు పక్కన సమాధిలో ఉన్నాడు. శవపెట్టె మూత మూసే ముందు ఆయన ముఖం చివరిసారి చూసింది నేనే.

మా ఊళ్ళో సైనికులు కూడా లేరు తల్లీ. ఆ యుద్ధానికి మా ఊరి నుంచి వెళ్ళినవాళ్ళు షాక్రో పక్కనే వరసగా పడుకుని ఉన్నారు. వాళ్ళకి రొట్టె ఎవరూ చేయక్కర్లేదు.

నీ ఉత్తరం చదివి కొట్టంలో నేల మీద కూర్చుండిపోయాను. మూత మీద చెంప ఆనించి "షాక్రో" అని పిలిచాను. పిలిచి ఎదురుచూశాను. ఏమీ లేదు. వైన్ వైన్‌లాగే ఉంది, మట్టి మట్టిలాగే ఉంది. ఏడవాలనుకున్నాను గానీ, అప్పుడు నీ ఉత్తరంలో అసలు మాట నాకు తట్టింది. నువ్వు దుఃఖపడుతూ రాసిన మాట.

షాక్రో ఎక్కడ వెతికాడో అర్థమైందా? ఆయన ఉన్నచోట వెతికాడు. అందర్నీ అడిగాడు, ఒక్కొక్కడి ముఖం చూశాడు. ఆయన సంగతి నాకు తెలుసు. ఒక గొర్రె తప్పిపోతే లోయంతా తిరగేసి, పక్క ఊరి గొర్రెల్ని కూడా పేరుపేరునా పలకరించి వచ్చే రకం. అలాంటి మనిషి అక్కడ గెలా లేడన్నాడు.

అక్కడ లేనివాడు ఇక్కడే ఎక్కడో ఉండాలి. మూడో చోటు లేదు తల్లీ.

ఏ జైల్లో ఉన్నాడో, ఏ కొండ మీద ఎవరి గొర్రెలు కాస్తున్నాడో, దారి ఎందుకు దొరకలేదో నాకు తెలీదు. అది బతికున్నవాళ్ళని అడగాలి. ఎర్మిలే, బయలుదేరు. తెదో కూడా నీతో వస్తానంటున్నాడు. యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో అక్కడికల్లా పోయి అడగండి. గుగులీ, వాడి పక్కబట్టలు ఎండబెట్టు.

పండగనాడు ఊరంతా మా కొట్టం ముందు చేరారు. ఫాదరు గారు వచ్చారు, తెదో గునపంతో వచ్చాడు. నేను మూత మీద కూర్చున్నాను. "దీన్ని తీయాలంటే ముందు నన్ను తీయండి" అన్నాను. నీ ఉత్తరం వాళ్ళకి చదివి వినిపించాను. కుర్రాళ్ళని పోగొట్టుకున్న తల్లులు ఒక్కొక్కళ్ళే లోపలికి వచ్చి, చెప్పులు బయట విప్పి, ఆ నేల మీద అరచేతులు పెట్టి వెళ్ళారు. తెదో గునపం పారేసి, మర్నాడే తీగలు కత్తిరించడానికి వచ్చాడు. జుట్టు పట్టుకుని లాగే అవసరం రాలేదు. షాక్రో సమాధి మీద తెదో ఇంటి వైన్ పోశాను. పల్చటిది. ఆయనకి నచ్చి ఉండదు.

నా బాన మూత మాత్రం తీయను. ఈ ఏడు తీయను, పై ఏడు కూడా తీయను. గెలా వచ్చి తన చేత్తో చేసిన బానని తనే తెరుస్తాడు. అప్పటిదాకా సాయంత్రాలు నేనుంటాను, జున్ను తిన్నావా లేదా అని అడుగుతాను.

నీ
పెలాగియా చూరి

తా.క.: ఆయన మళ్ళీ వస్తే ఒక మాట కనుక్కో. ముక్కూముఖం తెలియని పిల్లతో అన్నన్ని కబుర్లు చెప్పినవాడు, పక్కనే మూత మీద చెంప పెట్టుకుని కూర్చుంటే నాతో ఒక్క ముక్క ఎందుకు మాట్లాడలేదట? ఊరికే అడుగుతున్నాను. నాకేం కోపం లేదు.